కుక్క బొమ్మ లారీ, మన మిస్త్రీ చెవి

అమెరికాలో తెలుగువాడు అనగానే మనకు కంప్యూటరు ముందు కూర్చున్న మనిషే గుర్తొస్తాడు. అల్ఫారెట్టా చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. జార్జియా రాష్ట్రంలో అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఊరిది. 1932 దాకా మిల్టన్ కౌంటీకి ముఖ్య పట్టణం. అప్పట్లో చుట్టూ పత్తి చేలు. ఇప్పుడు జార్జియా 400 రోడ్డు పొడవునా అద్దాల ఆఫీసులు, వాటిలో మనవాళ్లు బోలెడు మంది. నా మేనల్లుడూ అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. వాడిని చూడడానికి వెళ్లి నేను చూసొచ్చింది మాత్రం కంప్యూటర్లను కాదు, పాత లారీలను.

సోదరులారా, మీలో చాలామంది లారీ తోలినవారు, క్లీనర్లుగా మొదలైనవారు, ఆటోనగర్లలో చేతులు నల్లబడినవారు. అందుకే ఈ ముచ్చట మీతో చెప్పుకోవాలనిపించింది.

ఆదివారం పొద్దున బండ్ల సంత

ఆ దేశంలో పాత బండి ఉన్నవాళ్లు సెలవు రోజు పొద్దున్నే ఒక చోట చేరి, కాఫీ తాగుతూ బానెట్లు ఎత్తి చూపించుకుంటారు. 'కెఫీన్ అండ్ ఆక్టేన్' అనే పేరున్న కూడిక 2006లో అల్ఫారెట్టాలోనే మొదలైంది, జనం పెరిగిపోవడంతో తర్వాత వేరే చోటికి మారింది. అక్కడ కార్లదే పెత్తనం. లారీల పిచ్చి ఉన్నవాళ్లు వేరే. వాళ్లకు 1971లో మొదలైన 'అమెరికన్ ట్రక్ హిస్టారికల్ సొసైటీ' అనే సంఘం ఉంది.

మేనల్లుడి ఆఫీసు మిత్రుడి ద్వారా ఊరి బయట ఒక రేకుల షెడ్డుకు వెళ్లాం. డెబ్బై దాటిన పెద్దాయన, ఒకప్పుడు లారీ డ్రైవరు. షెడ్డులో మాక్ బి-61 లారీ. గుండ్రటి ముక్కు, ఆ ముక్కు మీద మెరిసే బుల్‌డాగ్ బొమ్మ.

ఆ కుక్క కథ కూడా బాగుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మాక్ ఏసీ లారీలు బురదలో కూడా ఆగకుండా లాగడం చూసి బ్రిటిష్ సైనికులు 'బుల్‌డాగ్' అని పేరు పెట్టారట. 1932లో మాక్ కంపెనీ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ మసూరీ ఆసుపత్రిలో ఉండగా, ఊరికే కూర్చోలేక ఆ కుక్కను చెక్కాడు. అదే బానెట్ మీదికి ఎక్కింది. బి మోడల్ లారీలు 1953 నుంచి 1966 దాకా తయారయ్యాయి. మొత్తం లెక్క 1,27,786.

రెండు గేరు రాడ్లు

క్యాబిన్లోకి ఎక్కి చూస్తే రెండు గేరు రాడ్లు! ఒకటి అసలు బాక్సుది, అయిదు గేర్లు. రెండోది దాని వెనక ఉన్న చిన్న బాక్సుది. దాన్ని మూడు స్థానాల్లో వేయొచ్చు. అంటే ఐదు మూళ్లు పదిహేను గేర్లు. దీనికి 'ట్రిప్లెక్స్' అని పేరు. గేర్లు కలపడానికి ఇప్పటి బండ్లలోలా సింక్రో రింగులు ఉండవు. క్లచ్ నొక్కి న్యూట్రల్, మళ్లీ క్లచ్ నొక్కి గేరు. ఈ డబుల్ క్లచ్ పద్ధతి మన పాత టాటా, లేలాండ్ డ్రైవర్లకు కొత్త కాదు. కానీ రెండు రాడ్లూ ఒకేసారి మార్చాల్సి వస్తే స్టీరింగు మధ్యలోంచి ఎడమ చెయ్యి దూర్చి ఒకటి, కుడి చేత్తో ఇంకొకటి! పెద్దాయన చేసి చూపిస్తుంటే మా వాడు నోరు తెరిచాడు.

మనకు ఈ బండ్లతో చుట్టరికం లేకపోలేదు. జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్లు 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టారు. 1969 దాకా ఆ పొత్తు నడిచింది. అందుకే మన తాతల కాలపు లారీని ఊళ్లలో 'బెంజి' అనేవారు. ఆ బెంజ్ కంపెనీదే 1959లో వచ్చిన పొట్టి ముక్కు లారీ. ఎడారి దేశాలకు ఎగుమతి కోసం దాన్ని 1990ల దాకా తయారు చేశారు. గల్ఫ్‌లో పాత వర్క్‌షాపుల వెనక మీలో కొందరైనా దాన్ని చూసే ఉంటారు.

దిగుడులో ప్రాణం కాపాడిన ఆలోచన

పెద్దాయన ఇంకో ఇంజన్ చూపిస్తూ చెప్పిన కథ ప్రతి డ్రైవరూ తెలుసుకోవాల్సింది. కమిన్స్ జనరేటర్ మీ క్యాంపులోనే ఉండొచ్చు. ఆ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడు క్లెస్సీ కమిన్స్. 1931లో తన డీజిల్ ఇంజన్ సత్తా చూపడానికి న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెల్స్‌కు లారీలో బయల్దేరాడు. కాలిఫోర్నియాలో కజోన్ కనుమ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేశాయి. కింద రైలు గేటు, వస్తున్న రైలు. వెంట్రుక వాసిలో బయటపడ్డారు.

ఆ భయం ఆయన్ను ఏళ్ల తరబడి వదల్లేదు. బండిని నడిపే ఇంజనే బండిని ఎందుకు ఆపకూడదు అని ఆలోచించాడు. పిస్టన్ గాలిని నొక్కి పైకి వచ్చేసరికి ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునేలా చేశాడు. నొక్కిన గాలి బయటికి పోతుంది, తిరిగి పిస్టన్‌ను తోయదు. అంటే ఇంజను గాలి నొక్కడానికి పెట్టిన బలమంతా బండి వేగంలోంచే తీసుకుంటుంది. దాన్నే 'జేక్ బ్రేక్' అంటారు. జేకబ్స్ కంపెనీ 1961లో దాన్ని అమ్మకానికి తెచ్చింది. దిగుడులో పెద్ద లారీలు 'డబడబ' మని అరుస్తాయే, ఆ చప్పుడు దానిదే.

మన దగ్గర ఏం చేస్తున్నాం? డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ కొట్టేస్తున్నాం. శ్రీశైలం ఘాట్ అయినా, ఒమాన్ కొండలైనా, ఫుజైరా రోడ్డయినా లెక్క ఒకటే. న్యూట్రల్ కొడితే ఇంజను చెయ్యి వదిలేస్తుంది, బరువంతా బ్రేకు డ్రమ్ముల మీదే పడుతుంది. డ్రమ్ము కాలితే లైనింగు జారుతుంది. పెడల్ పదేపదే కొడితే ట్యాంకులో హవా దిగిపోతుంది. గేజి 60 పౌన్ల దగ్గరికి వస్తే అది ప్రమాద సూచన. కాబట్టి దిగుడు మొదలవక ముందే చిన్న గేరు వేయండి. ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటే వాడండి. మిగిలిన నాలుగు లీటర్లు మీ ఇంటికి రావు, మీరు వెళ్లాలి.

చెవి పట్టుకున్న జబ్బు

పెద్దాయన మాక్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. నాకు వెంటనే తేడా వినిపించింది. ఆరు సిలిండర్లలో ఒకటి పలకడం లేదు. నేను ఈ పత్రికలకు రాయక ముందు పన్నెండేళ్లు డీజిల్ పనిలో ఉన్నవాణ్ని. మేనల్లుడిని దుబాసీగా పెట్టి, "మామకు ఒక పానా ఇమ్మను" అన్నాను.

మీలో మిస్త్రీలకు ఈ పద్ధతి తెలుసు. ఇంజన్ నడుస్తుండగా నాజిల్‌కు వెళ్లే పైపు నట్టు ఒక్కోటి కొద్దిగా వదలాలి. డీజిల్ గట్టిగా చిమ్ముతుంది, చెయ్యి, కన్ను దూరంగా పెట్టాలి. పలికే సిలిండర్‌ది వదిలితే ఇంజను చప్పుడు పడిపోతుంది. పలకని దానిది వదిలితే ఏ మార్పూ ఉండదు. నాలుగోది వదిలాను, మార్పు లేదు. నాజిల్ విప్పి చూస్తే మొన మీద మసి పేరుకుని ఉంది.

పెద్దాయన నా భుజం తట్టి, ఒక లావుపాటి నోట్‌బుక్ తెచ్చాడు. ఏ తేదీన ఏ భాగం మార్చాడు, ఎన్ని మైళ్ల దగ్గర, ఎందుకు అన్నీ అందులో ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల లెక్క. నాజిల్ సంగతి రాసి, దాని పక్కన నా పేరూ రాశాడు.

నిజం చెబుతున్నాను, నాకు గొంతు పూడుకుపోయింది. నేను గల్ఫ్‌లో ఉన్నప్పుడు నా వీసా మీద 'లేబర్' అని ఉండేది. చేసింది పంపు పని, ఇంజన్ పని. తిరిగొచ్చే రోజున సర్వీస్ సర్టిఫికెట్ అడిగితే కంపెనీ వాళ్లు 'హెల్పర్' అని రాసిచ్చారు. పన్నెండేళ్ల పని ఒక మాటలో పోయింది. అడిగేందుకు నా చేతిలో ఒక్క కాగితం లేదు.

పాత బండి విలువ, పాత చేతి విలువ

అమెరికాలో పాత లారీల మోజు ఒట్టి ముచ్చట కాదు. అక్కడ 2017 డిసెంబరు నుంచి డ్రైవరు పని గంటలు కంప్యూటరే లెక్కపెట్టాలని నియమం వచ్చింది. 2000కు ముందు తయారైన ఇంజన్లకు అందులో మినహాయింపు ఉంది. కొత్త ఇంజన్లకు పొగ వడపోతలు, యూరియా ట్యాంకులు, సెన్సర్లు. సెన్సరు పోతే ల్యాప్‌టాప్ లేకుండా ముందుకు కదలదు. పాత ఇంజన్‌కు పానా చాలు. అయితే ఆ పానా పట్టడం తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారని పెద్దాయన బెంగ.

ఆ బెంగ మనకూ ఉండాలి. నల్ల పొగ అయితే గాలి చాలక లేదా డీజిల్ ఎక్కువై, నీలం పొగ అయితే ఆయిల్ కాలుతూ, వేడెక్కాక కూడా తెల్ల పొగ పోతే డీజిల్ సరిగా మండకో నీళ్లు లోపలికి దిగో అని మన మిస్త్రీలు చూడగానే చెప్తారు. విజయవాడ ఆటోనగర్‌లోనో, నిజామాబాద్‌లోనో గురువు తిట్లు తింటూ నేర్చుకున్న చదువిది. ఎక్కడా రాసి లేదు. మనిషితోనే పోతుంది.

అందుకే ఒక విన్నపం. ఈ శుక్రవారం బకాలాకు వెళ్లినప్పుడు ఒక నోట్‌బుక్ కొనుక్కోండి. ఏ రోజు ఏ బండి, ఏ పని చేశారో తెలుగులోనే రాసుకోండి. చేసిన పని ఫోన్‌లో ఫొటో తీసుకోవడానికి అనుమతి ఉంటే తీసి పెట్టుకోండి. సెలవు మీద వెళ్లేటప్పుడే, మీ అసలు పని పేరుతో సర్టిఫికెట్ అడగండి. ఆఖరి రోజు దాకా ఆగొద్దు, ఆగి నేను నష్టపోయాను.

అల్ఫారెట్టాలో ఒక రేకుల షెడ్డులో, ఒక పాత నోట్‌బుక్‌లో నా పేరు 'మెకానిక్' అని ఉంది. నా పన్నెండేళ్లకు దొరికిన రాతపూర్వక సాక్ష్యం అదొక్కటే. మీకు అంత దూరం పోవాల్సిన అవసరం రాకూడదు.