వేలు చప్పరించే పిల్లలకు నోటి క్లిప్పు ఎప్పుడు వేయించాలి?

ఆదివారం ఆరాధనలో వాక్యం వింటూ బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయే చిన్నారులు ప్రతి సంఘంలోనూ ఉంటారు. రెండు మూడేళ్ల బిడ్డ అలా చేస్తే కంగారుపడనక్కరలేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడే కొందరు వేలు చప్పరించడం స్కానింగులో కనిపిస్తుంది. చాలామంది నాలుగేళ్లలోపు తమంతట తామే మానేస్తారు. ఆరో ఏడు వచ్చి, ముందరి పాలపళ్లు ఊడే సమయానికి కూడా అలవాటు పోకపోతే మాత్రం డాక్టరుకు చూపించవలసిందే.

ఆ వయసులో దవడ ఇంకా ఎదుగుతూ ఉంటుంది. వేలు పైపళ్లను ముందుకు, కింది పళ్లను లోపలికి నెడుతుంది. అంగిలి ఇరుకవుతుంది. నోరు మూసినా ముందరి పళ్ల మధ్య సందు మిగులుతుంది. అప్పుడే మానితే ఆ సందు చాలావరకు తానే మూసుకుంటుంది. ఆలస్యమైతే పళ్లకు తీగలు కట్టించుకుని ఏళ్లు తిరగాలి. ఇక తొలకరికి జొన్నగిరి చేలల్లో పెద్దలు వజ్రాలు వెతుకుతుంటే, గట్టున కూర్చున్న బిడ్డ మట్టివేలే నోట్లో పెట్టుకుంటుంది. విరేచనాలు, నులిపురుగులు అలా కూడా వస్తాయి.

వేలికి కారం పూయకండి, అది కంట్లో పడితే ప్రమాదం. కొట్టినా, నలుగురిలో నవ్వినా బిడ్డ చాటుకు వెళ్లి చప్పరిస్తుంది. రాత్రి చేతికి మెత్తని గుడ్డసంచి తొడగండి. వేలు పెట్టని రోజుకు క్యాలెండరులో గుర్తు పెట్టి మెచ్చుకోండి. కొందరికి ఇదే చాలు.

చాలకపోతే క్లిప్పు. పై దవడ అచ్చు తీసుకుని, వెనక పళ్లకు రెండు స్టీలు పట్టీలు అతికించి, ముందు పళ్ల వెనక సన్నని తీగల కంచె అమరుస్తారు. కోత ఉండదు. వేలు అంగిలికి ఆనదు కాబట్టి ఆ హాయి పోతుంది. కొందరికి కంచె బదులు నాలుకతో తిప్పుకునే పూస పెడతారు. తీసి పెట్టుకునే ప్లేటూ ఉంది గాని, జేబులో ఉన్న ప్లేటు ఏ పనీ చేయదు! మొదటి కొన్ని రోజులు మాట తడబడుతుంది, లాలాజలం ఊరుతుంది. చిక్కీ, చెరకు, బబుల్‌గమ్ పెట్టకండి. ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చే బిడ్డకైతే ముందు చెవి ముక్కు గొంతు డాక్టరు పరీక్ష జరగాలి.

క్లిప్పు సుమారు ఆరు నెలలు ఉండాలి. అలవాటు పోయాక కూడా కొన్ని నెలలు ఉంచాలి. మధ్యమధ్య చూపించాలి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి మిరప, పత్తి కోతలకు గుంటూరు దిక్కు సుగ్గికి పోయే కుటుంబాలను మేము ఇదే ముందుగా అడుగుతాము: ఎప్పుడు పోతున్నారు, బిడ్డ మీతో వస్తుందా, అవ్వ దగ్గర ఉంటుందా? పట్టీ వదులైతే దానికింద అన్నం చేరి పన్ను పుచ్చుతుంది, ఊడితే మింగే ప్రమాదం ఉంది. నెలలోపు పోయేవారు తిరిగి వచ్చాకే వేయించుకోవడం మేలు. అప్పటికే వేయించుకున్నవారు పోయేముందు ఒకసారి రండి, ఏ క్లిప్పు ఏ రోజు వేశామో చీటీ రాసిస్తాము. అక్కడ వదులైతే మీరు లాగకండి, ఆ చీటీతో దగ్గరలోని పళ్ల డాక్టరు వద్దకు తీసుకెళ్లండి.