రిగ్గు కంటే ముందే కబురు

కోనసీమలో రిగ్గు కంటే ముందే కబురొస్తుంది. చేల గట్ల మీదుగా కేబుళ్లు పరిచి, సన్నటి బోరులో మందుగుండు పేల్చి, నేల లోపలి నుంచి తిరిగొచ్చే ప్రకంపనల్ని నమోదు చేసే సర్వేవాళ్లు కనిపిస్తే చాలు, సాయంత్రానికల్లా ‘మన ఊళ్లో గ్యాస్ పడిందట’ అన్న మాట టీకొట్టు దాకా వస్తుంది. నిజానికి ఆ ప్రకంపనలు చెప్పేది రాతిపొరల అమరికనే. గ్యాస్ ఉందో లేదో బావి తవ్వితేగానీ తేలదు.

కోనసీమ ఉన్న కృష్ణా గోదావరి బేసిన్‌పై కంపెనీల కన్ను మళ్లీ పడిందన్న ఊహాగానాలు గాలిలోంచి పుట్టలేదు. కాకినాడ తీరానికి ఆవల లోతు సముద్రంలో 98/2 బ్లాకు నుంచి ఓఎన్జీసీ 2024 జనవరి 7న తొలిసారి చమురు తీసింది. పెట్టుబడులు రప్పించడానికి 2025లో పార్లమెంటు చమురు క్షేత్రాల చట్టాన్ని సవరించింది. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే మరి.

ఆశల మీద వేసిన లెక్కలు ఏమవుతాయో కూడా ఈ బేసినే చూపించింది. రిలయన్స్ డీ6 బ్లాకులో 2009లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుందనుకున్నారు. 2010లో 6 కోట్లు దాటి, అక్కణ్నుంచి జారిపోయింది. దాన్ని నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు గ్యాస్ అందక మూలపడ్డాయి.

డబ్బు నష్టం ఒక ఎత్తు, భయం ఒక ఎత్తు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో బావి అదుపు తప్పి బ్లోఅవుట్ అయింది. 65 రోజుల పాటు మంట ఆరలేదు. చుట్టుపక్కల జనం ఇళ్లొదిలి పోయారు, కొబ్బరితోటలు మాడిపోయాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను నుంచి గ్యాస్ లీకై ఊరి మీద కమ్ముకుంది. నిప్పు తగలగానే భగ్గుమంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీటి తేమ కలిసిన గ్యాస్ పారడంతో లోపల తుప్పు పట్టిందని తర్వాత తేలింది. పన్నెండేళ్ల పిల్లవాడికైనా అర్థమయ్యే కారణం అది. ముందే చూసి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి.

నేలమీది బావుల రాయల్టీ రాష్ట్రానికి, సముద్రంలోని బావులది కేంద్రానికి వెళ్తుంది. మంట మాత్రం ఊరిదే. అందుకే కొత్త బావులు వద్దనడం లేదు, పాత గొట్టాల సంగతి ముందు తేల్చమంటున్నాం. మీ ఊరి కింద పారే లైను వయసెంత, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, అర్ధరాత్రి వాసనొస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఈ మూడూ తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించమని ఈసారి గ్రామసభలో అడగండి.