డబుల్ రోల్‌కు ఓకే.. ఒకే సీటుకు మాత్రం నో! ఎలక్ట్రాన్ల ఈ రూల్ లేకపోతే మీ ఫోన్ బ్యాటరీ కూడా పనిచేయదు..

ఫిల్మ్‌నగర్‌కు డబుల్ రోల్ కొత్తేం కాదు. 1964లో వచ్చిన ‘రాముడు భీముడు’లో ఎన్టీఆర్ రెండు పాత్రల్లో కనిపించి మెప్పించారు. ఆ సినిమా తీసిన డి.రామానాయుడు పేరుతోనే ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో స్టూడియో ఉంది. అందులో ముఖం ఒక్కటే అయినా రాముడు భయస్తుడు, భీముడు ధైర్యవంతుడు. ఆడియన్స్‌కు తేడా ఇట్టే తెలిసిపోతుంది. డబుల్ రోల్ అంటే మీసమో, పుట్టుమచ్చో, నడకో.. ఏదో ఒక గుర్తు పెట్టాల్సిందే. మరి ఏ గుర్తూ లేకపోతే?

ఎలక్ట్రాన్లు అచ్చం అలాంటివే. అన్నింటికీ ఒకే బరువు, ఒకే ఛార్జ్. రెండింటిని అటూ ఇటూ మార్చేస్తే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. మనకు చూపు ఆనక కాదు.. నిజంగానే వాటి మధ్య తేడా లేదు. ఇంత ఒకేలా ఉండే ఈ కణాలు ఒక్క విషయంలో మాత్రం అస్సలు రాజీపడవు. రెండు ఎలక్ట్రాన్లు ఎప్పుడూ ఒకే స్థితిలో ఉండవు.

1925లో ఈ రూల్ చెప్పింది వోల్ఫ్‌గాంగ్ పౌలీ. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లే. దీనికే 1945లో నోబెల్ వచ్చింది.

సినిమా టికెట్ లెక్కలో చూస్తే ఈజీ. టికెట్ మీద స్క్రీన్, రో, సీటు, షో ఉంటాయి. ఆ నాలుగూ ఒకటే అయిన టికెట్ ఇద్దరికి ఇస్తే థియేటర్‌లో గొడవే! అణువులో ఎలక్ట్రాన్‌కూ ఇలాంటి నాలుగు నంబర్లుంటాయి. షో స్థానంలో ఉండేది ‘స్పిన్’. దానికి రెండే విలువలు. ఫస్ట్ షో, సెకండ్ షో అనుకోండి. కాకపోతే ఇక్కడ షో అంటే టైమ్ కాదు, రెండు ఎలక్ట్రాన్లూ ఒకేసారి ఆ సీటులో ఉంటాయి. మూడోదానికి మాత్రం నో ఎంట్రీ.

మొదటి స్క్రీన్‌లో ఉండేది ఒక్కటే సీటు, అంటే 2 టికెట్లు. రెండో స్క్రీన్‌లో నాలుగు సీట్లు, 8 టికెట్లు. హీలియంకు ఉన్నవి రెండే ఎలక్ట్రాన్లు. హౌస్‌ఫుల్! అందుకే అది దేనితోనూ కలవదు. లిథియంకు మూడు. మూడోది తప్పనిసరిగా రెండో స్క్రీన్‌కు వెళ్లి ఒంటరిగా కూర్చోవాలి. దాని మీద అణువుకు పట్టు తక్కువ, తేలిగ్గా వదిలేస్తుంది. మీ చేతిలోని ఫోన్ బ్యాటరీకి లిథియం వాడటానికి ఇదో ముఖ్య కారణం. రూల్ లేకపోతే మూడూ మొదటి స్క్రీన్‌లోనే సర్దుకునేవి, లిథియం ఇలా ఉండేదే కాదు.

ఇంతకీ ఎందుకిలా? ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి అని చాలామంది అనుకుంటారు. అది కరెక్ట్ కాదు. ఛార్జ్ లేని న్యూట్రాన్లకూ ఇదే రూల్ వర్తిస్తుంది. అసలు కారణం ఒక మైనస్ గుర్తు.

రెండు ఎలక్ట్రాన్ల పరిస్థితిని చెప్పే లెక్కను వేవ్ ఫంక్షన్ అంటారు. వాటి ప్లేసులు మార్చితే ఆ లెక్క ముందు మైనస్ వస్తుంది. ఎక్కడ దొరుకుతాయన్న ఛాన్స్‌ను దాని స్క్వేర్‌తో కడతారు, కాబట్టి మామూలుగా మైనస్ బయటపడదు. ఇప్పుడు రెండూ ఒకే స్థితిలో ఉన్నాయనుకోండి. ప్లేసులు మార్చినా ఏమీ మారకూడదు, అంటే పాత విలువే రావాలి. రూల్ ప్రకారమేమో మైనస్ రావాలి. ముందు మైనస్ పెట్టినా మారని సంఖ్య ఒక్కటే.. సున్నా. ఛాన్స్ సున్నా అంటే అలా జరగదంతే.

అసలు ఆ మైనస్ ఎందుకొస్తుంది? స్పిన్ అర ఉన్న కణాలకు అలా రాక తప్పదని 1940లో పౌలీయే గణితంతో చూపించారు. స్పిన్ ఒకటి లాంటి పూర్తి సంఖ్య అయితే ప్లస్సే. వాటికి ఈ నిషేధం లేదు. కాంతి కణాలైన ఫోటాన్లు ఆ బ్యాచే. ఇక్కడ తెలుగువారి పేరు కూడా ఉంది. కృష్ణా జిల్లాలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం 1931లో సి.వి.రామన్‌తో కలిసి ఫోటాన్‌కు స్పిన్ ఉందని ప్రయోగం చేసి చూపించారు. ఆ తర్వాత ఆయన ఉస్మానియా యూనివర్సిటీ వీసీగా కూడా పనిచేశారు.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో సెట్ మీద వెలిగే ఎల్ఈడీ ప్యానెల్‌లో ఈ రూల్ పనిచేయడం చూడొచ్చు. దాని చిప్‌లో కింది రోలు దాదాపు నిండి ఉంటాయి. కరెంట్ ఇస్తే పైరోలోని ఎలక్ట్రాన్ కింద ఖాళీ అయిన సీటులోకి దిగుతుంది, మిగిలిన ఎనర్జీ వెలుగై బయటికొస్తుంది. ఖాళీ లేకపోతే దిగడం కుదరదు. అదే ప్రీ రిలీజ్ ఈవెంట్‌లో కనిపించే లేజర్ లైట్ కథ పూర్తిగా రివర్స్. అందులో కోట్ల కోట్ల ఫోటాన్లు ఒకే స్థితిలో, ఒకే సీటులో కూర్చుని దూసుకొస్తాయి.