దోమను పోల్చుకున్నాకే మందు
సుడిదోమ ఏదో, మిత్రపురుగు ఏదో తెలియకపోతే చేనుకు చేటు

హైదరాబాద్ : పాతబస్తీ చార్మినార్ నుంచి బహదూర్‌పురా, ఆరాంఘర్ మీదుగా వెళితే రాజేంద్రనగర్ వస్తుంది. పల్లెల్లో రైతు తన చేలో కనపడితే బెంబేలెత్తే సుడిదోమను అక్కడ పనిగట్టుకుని పెంచుతున్నారు. 1965లో అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకంగా మొదలై, నేడు భారత వరి పరిశోధన సంస్థగా ఉన్నచోట ఈ పని జరుగుతోంది. ట్రేలలో వరుసగా మొలిపించిన నారుపై దోమ పిల్లలను వదులుతారు. టీఎన్-1 అనే రకం మాడిపోగానే మిగతా రకాలకు మార్కులు వేస్తారు. కేరళలోని పట్టాంబి నుంచి వచ్చిన పీటీబీ-33 తట్టుకుని నిలబడుతుంది.

అయితే ముందు ఆ పురుగు సుడిదోమే అని తేల్చుకోవాలి. పురుగుల శాస్త్రంలోనూ మన మాదిరే ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక. సుడిదోమ పేరు నీలపర్వత లూజెన్స్. నీలపర్వత అనే ఇంటిపేరు 1906లో డిస్టెంట్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త పెట్టినది. లూజెన్స్ అంటే లాటిన్ భాషలో శోకించేది అని అర్థం. ఈ పేరు 1854లోనే స్టాల్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పెట్టాడు. అదే ఇంటిపేరు గల బేకరి అనే మరో దోమ చూపుకు ఇలాగే ఉంటుంది. కాని అది గడ్డి మీద బతుకుతుంది. ఈ రెంటినీ వేరు చేయాలంటే మగ పురుగు జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూడాల్సిందే.

రైతుకు అంత శ్రమ అక్కరలేదు. పచ్చదోమ ఆకుల మీద తిరుగుతుంది, టుంగ్రో తెగులును మోసుకొస్తుంది. సుడిదోమ గోధుమ రంగులో ఉండి, నీటికి కాస్త పైన దుబ్బు మొదట్లో గుంపుగా చేరి రసం పీలుస్తుంది. వీపు మీద తెల్లని చార ఉంటే అది తెల్లవీపు దోమ. భూతద్దంతో చూస్తే సుడిదోమ, తెల్లవీపు దోమ రెంటికీ వెనుక కాలి చివర కదిలే ముల్లు కనపడుతుంది. పచ్చదోమకు అది ఉండదు, కాలి పొడవునా చిన్న ముళ్ల వరుసలుంటాయి. నీలపర్వత ఇంటిపేరు వాటికి మాత్రం ముల్లు పక్కనే పాదం మొదటి కణుపు మీద కూడా చిన్న ముళ్లుంటాయి.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. దుబ్బుల్లో ఆకుపచ్చగా, నల్లని మచ్చలతో చురుకుగా తిరిగే మిరిడ్ నల్లి సుడిదోమ గుడ్లను తినే మిత్రపురుగు. సాలీళ్లూ అంతే. వీటిని కూడా దోమే అనుకుని మందు కొడితే కాపలాదారులు చచ్చి, దొంగ మిగులుతాడు. కొన్ని సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టాక సుడిదోమ మరింత పెరగడం శాస్త్రవేత్తలు గమనించిన విషయమే. ఈ కారణంగానే 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరి మీద 57 రకాల మందుల వాడకాన్ని నిషేధించింది. మన పొరుగున కేరళలోని కుట్టనాడ్‌లో 1973-74లో ఈ దోమ చేసిన నష్టం కూడా తక్కువేమీ కాదు.

సాంబ మసూరి ఈ దోమకు లొంగే రకం. విజేత, కాటన్‌దొర సన్నాలు కొంతమేర తట్టుకుంటాయి. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు కాలిబాట వదలడం, యూరియా అతిగా వేయకపోవడం, దోమ కనపడగానే పొలంలో నీరు తీసి ఆరబెట్టడం ఖర్చులేని పనులు. దుబ్బును పక్కకు వంచి, మొదట్లో తట్టి నీటిమీద పడిన పురుగులను లెక్కించాలి. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15 సుడిదోమలు దాటితేనే మందు సంగతి ఆలోచించాలి. దుకాణానికి వెళ్లే ముందు చేలో దిగి చూసుకుంటే అటు డబ్బూ, ఇటు పంటా దక్కుతాయి.