చూసింది, తినలేదు

“ఇంట్లో సముద్రం” అని శీర్షిక కూడా ఎడిటర్ గారే పెట్టేశారు. పగడపు రంగులు, నీలం లైట్లు, గాజు వెనక నీమో, ఇవతల సోఫాలో నవ్వుతున్న కుటుంబం. గురువారం సాయంత్రానికల్లా కాపీ, ఫొటోలు చేతికందాలి.

ఇంట్లో సముద్రపు చేపలు పెంచే ఈ సరదా మీద నాకు మొదట్నుంచీ కాస్త అనుమానమే. మంచినీటి అక్వేరియం చేపల్లో ఎక్కువ భాగం చెరువుల్లో, తొట్లలో పుట్టి పెరిగినవి. సముద్రపు చేపలు అలా కాదు. ఇప్పటికీ వాటిలో అధిక భాగం పగడపు దిబ్బల మీద పట్టి తెచ్చినవే. ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ సముద్రాలదే అందులో పెద్ద వాటా. నిన్నమొన్నటి దాకా పగడాల సందుల్లో తన తిండి తాను వెతుక్కున్న ప్రాణి మన హాల్లో టీవీ పక్కన ఏం తింటుంది? అసలెందుకు తింటుంది? అడిగిన ప్రతి దుకాణంలోనూ మేత డబ్బాలు చూపించారు. విశాఖలో ఒకాయన మాత్రం నోటు పుస్తకం తీసి ముందు పెట్టారు. ఎడిటర్ గారి శీర్షికకు అక్కడితో నీళ్లొదిలేశాను.

రిమార్క్స్ గడి

ఆయన భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో టెక్నీషియన్‌గా చేసి మానేసిన మనిషి. ఇప్పుడు మేడ మీద గదిలో వరసగా క్వారంటైన్ ట్యాంకులు పెట్టుకున్నారు. ఊళ్లో సముద్రపు చేపలు కొన్నవాళ్లు కొందరు తిన్నగా ఇంటికి తీసుకెళ్లకుండా ఆయన దగ్గర దించుతారు. తినడం మొదలుపెట్టాక పట్టుకెళ్తారు. పేరు రాయొద్దన్నారు. “పేరేస్తే ఊళ్లో తిననివన్నీ నా మేడే ఎక్కుతాయమ్మా” అని నవ్వారు.

పుస్తకం హేచరీ పద్ధతిలోనే ఉంది. స్కేలు పెట్టి గీసిన గళ్లు: తేదీ, టెంపరేచర్, సాలినిటీ, పీహెచ్, అమ్మోనియా, మేత. చివర్న రిమార్క్స్. అంకెలున్న గళ్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. చదవాల్సింది చివరి గడి. పేజీల తరబడి అందులో ఎక్కువసార్లు కనిపించే మాట ఒక్కటే: “చూసింది, తినలేదు.”

పుస్తకంలో అన్నిటికన్నా ఎక్కువ పేజీలు తిన్న చేప కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై. తెల్లటి ఒంటి మీద రాగిరంగు నిలువు పట్టీలు, వీపు చివర దొంగ కన్ను, కంసాలి పట్టకారు లాంటి పొడవాటి మూతి. అండమాన్ వైపు నుంచి ఆస్ట్రేలియా దాకా దిబ్బల మీద తిరుగుతుంది. ఆ మూతి ఉన్నదే రాతి సందుల్లోకి దూర్చి పురుగుల్ని, చిన్నచిన్న రొయ్యజాతి జీవుల్ని పీక్కోవడానికి. తిండి పైనుంచి రాలుతుందనే సంగతి దాని అనుభవంలోనే లేదు. నీటి మీద తేలే గుళికలు దానికి తిండి కిందే లెక్క కాదు.

మొదటి రోజు గడిలో: “లైట్లు ఆఫ్. మేత వేయలేదు. మూడు వైపులా పేపరు అంటించాను.” పేపరు ఎందుకంటే, కొత్త చేప గాజులో తన నీడను చూసి పరాయి చేప అనుకుని బెదురుతుంది, మనుషులు అటూ ఇటూ తిరిగినా బెదురుతుంది. ట్యాంకులో ఇసుక లేదు. ఒక స్పాంజి ఫిల్టరు, హీటరు, రెండు పీవీసీ ఎల్బోలు, ఒక రాయి ఉన్నాయి. మర్నాడు: “పైపులోంచి మూతి మాత్రం బయటికి. ఊపిరి స్పీడు తగ్గింది.” ఆ తర్వాత బతికున్న ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యజాతి జీవులు) వేశారు. “దగ్గరికెళ్లి ఆగింది. చూసింది, తినలేదు.” నాలుగో రోజు గడిలో అక్షరాలు కాస్త పెద్దవయ్యాయి: “రాయిని పొడుస్తోంది!” ఆ తర్వాత: “ఆల్చిప్ప విప్పి రాతి సందులో పెట్టాను. పొడిచింది. ఉమ్మేసింది. మళ్లీ పొడిచింది. ఉమ్మేసింది.” ఆ కింద ఒకే మాట: “మింగింది.”

ఉమ్మేయడం చెడ్డ గుర్తేమో అన్నాను. “కాదండి, నోట్లో పెట్టుకుందంటే సగం పనైనట్టే. రుచి చూస్తోంది. పొడవడం కూడా మానేస్తేనే భయపడాలి” అన్నారు.

కవరు విప్పాక

తినకపోవడానికి కారణం మేతలో వెతుకుతాం. అది చాలాసార్లు కవర్లోనే ఉంటుంది.

ప్రయాణం మొదలవకముందే చేపకు పస్తు మొదలవుతుంది. దారిలో నీళ్లు పాడవకుండా ఎగుమతిదారులు ముందే మేత ఆపేస్తారు. తర్వాత కవర్లో కొన్ని నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్, రబ్బరు బ్యాండు, థర్మాకోల్ పెట్టె, చీకటి. ఒక విమానం, ఇంకో విమానం, ఏజెంటు గోడౌను, ఆ తర్వాత దుకాణం. ఈలోగా చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ పోయే దారి లేక నీళ్లలోనే కరిగి పీహెచ్‌ను కిందికి లాగుతుంది. సముద్రంలో 8.1 దగ్గర ఉండేది కవర్లో 7కో, అంతకన్నా కిందికో దిగిపోతుంది. మొప్పల నుంచి అమ్మోనియా మాత్రం వస్తూనే ఉంటుంది. విచిత్రమేమిటంటే, అక్కడ చేపను కాపాడేది ఆ పడిపోయిన పీహెచ్చే. పీహెచ్ తక్కువున్న నీళ్లలో అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియంగా ఉంటుంది. దానికి విషం తక్కువ.

కవరు మూతి విప్పగానే లెక్క మారుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియం కాస్తా విషపు అమ్మోనియా అయి కూర్చుంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఆ విషం వాటా సుమారు 10 రెట్లవుతుంది. మొప్పలు కాలిన చేపకు ఎంత మంచి మేత వేసి ఏం లాభం?

మన కోస్తా అలవాటు అడ్డం తిరిగేది ఇక్కడే. రొయ్య సీడు వచ్చిన రోజు రైతు ఏం చేస్తాడు? కవర్లను చెరువు నీళ్ల మీద తేలేస్తాడు, మూతి విప్పి కొంచెం కొంచెంగా చెరువు నీళ్లు కలుపుతాడు, నిదానంగా వదులుతాడు. వనామీ రొయ్యకు అది సరైన పనే. ఈయన కూడా మొదట్లో చేపలకు అదే చేయబోయారట. “సీడు కవరు రాత్రికి రాత్రి వచ్చేదండి. ఇది రెండ్రోజులు మగ్గింది” అంటారు ఇప్పుడు. పక్క వీధి దుకాణం నుంచి గంటలో వచ్చిన చేపకైతే సన్న గొట్టంతో చుక్కలు చుక్కలుగా నీళ్లు కలపడంలో తప్పులేదు. దూరం నుంచి వచ్చిన కవరైతే ఆ తాపీతనమే ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకని ఆయన ముందే ఏజెంటుకు ఫోన్ చేసి సాలినిటీ కనుక్కుంటారు. క్వారంటైన్ ట్యాంకును అదే సాలినిటీకి తెచ్చి ఉంచుతారు. కవరును విప్పకుండా తేలేసి వేడి సమానం కానిస్తారు. విప్పాక ఒక చుక్క రిఫ్రాక్టోమీటర్ మీద వేసి సరిచూసి, చేపను మగ్గుతో పట్టి ట్యాంకులో దించుతారు. కవరు నీళ్లు ట్యాంకులో పడనివ్వరు, తిన్నగా తూములోకే.

సాలినిటీకి ఇంత హడావుడి ఎందుకంటే, సముద్రపు చేప ఒంట్లోని ఉప్పు చుట్టూ ఉన్న నీళ్లలో మూడో వంతే. సముద్రం 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు). ఆ తేడా వల్ల ఒంట్లోని నీరు నిరంతరం బయటికి పోతూనే ఉంటుంది. చేప సముద్రాన్ని తాగుతుంది, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా తోడిపోస్తుంది. అలసిన చేపకు ఇదే పెద్ద పని. కొన్ని దుకాణాలు రోగాలు తగ్గుతాయనీ, ఉప్పు ఖర్చు కలిసొస్తుందనీ పలచటి నీళ్లలో పెడతాయి. అక్కడి నుంచి తెచ్చి ఒక్కసారిగా చిక్కటి నీళ్లలో వేస్తే చేప ఒళ్లు ఎండిపోతుంది. చిక్కటి దాంట్లోంచి పలచటి దాంట్లోకి దిగడం దానికి తేలిక. ఎక్కడమే కష్టం, రోజుల మీద ఎక్కించాలి.

ఆర్టీమియా డబ్బా

ఆయన షెల్ఫులో ఒక డబ్బా నాకు తెలిసినదే. కోస్తా హేచరీల చుట్టూ తిరిగిన ఏ విలేకరికైనా తెలుస్తుంది. గోధుమరంగు పొడిలా కనిపించే ఆర్టీమియా గుడ్లు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తాయి. ఎండిన స్థితిలో ఏళ్ల తరబడి నిద్రపోయి, ఉప్పునీళ్లు తగిలి గాలి ఆడితే ఒక్క రోజులో పొదుగుతాయి. మన రొయ్య పిల్లలకు తొలి మేతల్లో ఒకటైన ఈ జీవే, అలిగి కూర్చున్న దిబ్బ చేపకూ ఎర. దాని గుణం రుచిలో లేదు, కదలికలో ఉంది. నీళ్లలో కుదుపుగా ఈదుతుంటే చేప కన్ను దాన్ని వదల్లేదు.

కానీ అది కడుపు నింపే తిండి కాదు. అప్పుడే పొదిగిన పిల్లలో పచ్చసొన బలం ఉంటుంది, గంటలు గడిస్తే అదీ కరుగుతుంది. పెద్దదైన ఆర్టీమియాలో సారం తక్కువ. అందుకే పుస్తకంలో తర్వాతి పేజీలన్నీ మోసం పేజీలు: బతికున్న ఆర్టీమియాలో కాస్త గడ్డకట్టించిన మైసిస్ (చిన్న రొయ్యలాంటి జీవులు), మర్నాడు ఇంకాస్త, ఆ మర్నాడు ఆర్టీమియా తగ్గింపు. ఒక రోజు మైసిస్ ఒక్కటే. “గమనించలేదు. తినేసింది.”

మిగిలిన మేతను కాసేపటికే సన్నపైపుతో లాగేస్తారు. చెరువులో చెక్ ట్రే ఎత్తి చూసిన చెయ్యి కదా, ఎంత తిన్నదో లెక్క అందకుండా మళ్లీ వేయదు. చిన్న ట్యాంకులో కుళ్లిన మేత మళ్లీ అమ్మోనియానే.

అన్ని పేజీలూ ఇలా ముగియవు. ఒక పసుపు చేప వచ్చిన రోజు నుంచీ “బాగా తింటోంది”. వారాల తర్వాత ఎర్ర ఇంకుతో ఒక అడ్డగీత. సైనైడ్‌తో పట్టిన చేప అయ్యుంటుందని ఆయన అనుమానం. పగడాల్లో దాక్కున్న చేపను మత్తెక్కించడానికి సీసాతో సైనైడ్ నీళ్లు చిమ్మే పద్ధతి ఫిలిప్పీన్స్‌లో 1960ల్లో మొదలైంది. చట్టం నిషేధించినా పూర్తిగా పోలేదు. ఏ చేపను ఎలా పట్టారో కవరు మీద రాసి ఉండదు. నా అనుమానం తీరకపోగా ఈ గీత దగ్గర మరింత గట్టిపడింది.

చరిత్ర లేకపోతే ఎడిటర్ గారు ఊరుకోరు కాబట్టి గబగబా: 1853లో లండన్ జూలో జనం చూసేందుకు తొలి అక్వేరియం, అక్వేరియం అన్న పేరును జనంలోకి తెచ్చిన ఫిలిప్ హెన్రీ గాస్, 1960ల మొదట్లో జకార్తాలో లీ చిన్ ఎంగ్ దిబ్బ రాళ్లను బతికుండగానే తెచ్చి ట్యాంకు నిలబెట్టిన పద్ధతి, అదే దశాబ్దంలో సముద్రానికి దూరాన ఉన్నవాళ్లకూ పొడి ఉప్పు ప్యాకెట్లు, 2003లో ‘ఫైండింగ్ నీమో’, మన దగ్గర కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు హేచరీలో క్లౌన్ చేపల్ని పుట్టించడం. ఈ చివరిదే మనకు పనికొచ్చేది. హేచరీ క్లౌన్‌కు మనిషి చెయ్యి, గుళికలు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇంటికొచ్చిన రోజే తిన్నా ఆశ్చర్యం లేదు.

తినడం మొదలైనా ఆయన చేపను వెంటనే వదలరు. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచుకుంటారు. క్రిప్టోకారియాన్ అనే తెల్లమచ్చల పరాన్నజీవి పెద్ద ట్యాంకులోకి చేరితే ఇక దాన్ని వదిలించడం పెద్ద పని. దానికి రాగి మందు వాడతారు, కానీ రాగి ఉన్న ట్యాంకులో రొయ్యలు, పీతలు బతకవు, లైవ్ రాక్ (జీవమున్న దిబ్బ రాయి) పెడితే అది రాగిని పీల్చేసుకుంటుంది. రాయి లేకపోతే కాపర్‌బ్యాండ్ లాంటిది పొడవడానికి ఏమీ ఉండదు. మందా, రాయా? ఆయన ముందు రాయి పెట్టి తినిపిస్తారు, రోగం కనిపిస్తే అప్పుడు రాయి తీసి మందు. ముందు మందే అనేవాళ్లూ ఉన్నారు. ఎముకలు తేలిన చేపకు మందు వేయడం కన్నా ఆయన వరసే నాకు నచ్చింది.

ఆఖరి గండం పాత కాపులు. ట్యాంకులో ముందు నుంచి ఉన్న సర్జన్ చేప కొత్తదాన్ని తరిమిందంటే, నెలరోజులు తిన్నది కూడా మళ్లీ మూల చేరుతుంది. అందుకే పిరికివాటిని ముందు, రౌడీలను ఆఖర్న చేర్చాలి. ఆలస్యమైపోయిందా, రాళ్లు అటూ ఇటూ జరిపి పాత హద్దులు చెరిపేయాలి. కొత్తదాన్ని కొన్నాళ్లు చిల్లుల పెట్టెలో అదే ట్యాంకులో ఉంచాలి. లైట్లు ఆర్పాక వదలాలి. మేత వేసేటప్పుడు పాతవాటికి ముందు ఆ చివర వేసి, అవి అటు వెళ్లాక ఈ చివర కొత్తదానికి.

కొనేవాళ్లకు ఆయన చెప్పేది ఒక్కటే: దుకాణంలో మేత వేయించి, తినడం కళ్లారా చూశాకే డబ్బులివ్వండి. కొత్తగా దిగిన సరుకైతే అడ్వాన్సు ఇచ్చి వారం అక్కడే ఉంచమనండి. చేపను పక్క నుంచే కాదు, ఎదురుగా కూడా చూడండి. తల వెనక వీపు గుంటపడి, పొట్ట లోపలికి పోయి ఉంటే అది చాన్నాళ్లుగా తినలేదు.

బాక్స్: ఎవరికేది

సర్జన్ చేపలు రోజంతా నాచు మేసేవి. సుషీకి వాడే నోరి, ఉప్పూ మసాలా లేనిది, రాయికి రబ్బరు బ్యాండుతో కట్టండి. లయన్ ఫిష్ కదిలేదాన్నే తిండి అనుకుంటుంది, గడ్డకట్టించిన రొయ్యను పుల్లకు గుచ్చి ఆడించాలి. ఆంథియాస్‌కు రోజులో చాలాసార్లు కొంచెం కొంచెం. మాండరిన్‌కు కోపెపాడ్లు (కంటికి ఆనీ ఆనని రొయ్యజాతి జీవులు) కావాలి, బాగా పాతబడి రాళ్లనిండా జీవం పట్టిన ట్యాంకులోనే అవి సరిపడా ఉంటాయి. వెల్లుల్లి రసంలో నానబెట్టిన మేత ఆకలి పుట్టిస్తుందని చాలామంది నమ్మకం, రోగం కూడా పోగొడుతుందని కొందరి ప్రచారం. రెండో మాటకు గట్టి ఆధారం లేదు. పప్పు పోపులో దాని మహిమను మాత్రం నేను కాదనను.

బాక్స్: కొనొద్దు

ఆర్నేట్, మేయర్స్ బటర్‌ఫ్లై చేపలు దిబ్బల మీద పగడాల్నే తిని బతుకుతాయి. ఇంట్లో వాటి దీక్ష భగ్నం చేయడం దాదాపు అసాధ్యం. నీమో సినిమాలో గిల్‌గా కనిపించే మూరిష్ ఐడల్ కూడా తిండి దగ్గర మహా మొండి. రాతి పగడాలు, సముద్ర గుర్రాల సంగతైతే తిండిదాకా వెళ్లక్కర్లేదు. 2001లోనే వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. “మీకోసం స్పెషల్‌గా తెప్పిస్తాం” అని ఎవరన్నా అంటే ఆ దుకాణంలోంచి బయటికొచ్చేయండి.