మితవ్యయము

ధనమును సంపాదించుట యొక నేర్పు; దానిని నిలుపుకొనుట మఱియొక నేర్పు. మొదటిది కొంతవరకు కాలమును, అవకాశమును బట్టి యుండును. రెండవది చాలవరకు మనుజుని చేతిలోనే యున్నది. ఆదాయమునకు లోబడి, అవసరమైన దానికి వెచ్చించి, అనవసరమైన దానిని విడిచి, కొంత మిగుల్చుకొని జీవించుటయే మితవ్యయము.

మితవ్యయమును లోభముగా భ్రమించువారు కలరు. ఈ రెండింటికిని చాల భేదమున్నది. లోభి బిడ్డకు జ్వరము వచ్చినను మందు కొనుటకు వెనుకాడును. మితవ్యయి అట్టి సమయమున కొఱకే ముందుగా కూడబెట్టును. లోభి ధనమునకు సేవకుడు. మితవ్యయి దానికి యజమానుడు. తిండి, చదువు, వైద్యము అను వానియందు కోత పెట్టుట పొదుపు కాదు. ఆ మూటికి లోటు రాకుండునట్లు తక్కిన వ్యయములను అదుపులో నుంచుటయే పొదుపు.

మితవ్యయమన నేమో తెలిసికొనుటకు కృష్ణా డెల్టా రైతు సేద్యమును పరిశీలించిన చాలును. తెనాలికి సమీపమున గల చుండూరు మొదలైన గ్రామములలో వరి ప్రధానమైన పంట. వరికోతకు కొలది దినములు ముందు, పైరు ఇంకను నిలిచియుండగనే, తేమగల మాగాణిలో మినుములనో పెసలనో వెదజల్లుట ఆ ప్రాంతమున చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. ఆ గింజలు మొలకెత్తి, వరికి పెట్టిన నీటిలో నేలయందు మిగిలిన తేమతోనే పెరిగి కాయలు కాయును. ఈ పంటకు వేఱుగా దున్ననక్కఱలేదు. అంతేకాక, పప్పుజాతి మొక్కల వేళ్ళపై నుండు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు సారము చేకూర్చును. వరిగడ్డి వామియై పశువులకు మేతయగును. పశువుల పేడ మరల పొలమునకు ఎరువగును. ఇటీవల తెగుళ్ళ వలన పలువురు రైతులు మినుమునకు మాఱుగా మొక్కజొన్న, జొన్న వేయుచున్నను, ఈ పద్ధతి నేర్పు పాఠము మాత్రము మాఱలేదు. ఉన్నదానిని వ్యర్థము కానీయకుండుటయే ఆ పాఠము.

నేలలోని తేమను సైతము వ్యర్థము చేయని కుటుంబమే యొక్కొక్కప్పుడు పెండ్లి పందిటిలో ఆ వివేకమును మఱచును. ఇరుగుపొరుగు వారికంటె ఘనముగా చేయవలెనను పట్టుదలతో అప్పు తెచ్చి విందులు చేయును. "ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి" అని పెద్దలు హెచ్చరించినది ఇట్టి నడవడిని చూచియే. దాని ఫలితమును చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఒకడు 50,000 రూపాయలు అప్పు తెచ్చెననుకొనుడు. నెలకు వడ్డీ 1,000 రూపాయలు. అతడు వడ్డీ మాత్రమే కట్టుచు వచ్చినచో 50 నెలలలో, అనగా నాలుగు సంవత్సరముల రెండు నెలలలో, 50,000 రూపాయలు చెల్లించును. అప్పటికిని అసలు తఱుగక అట్లే నిలిచియుండును. వడ్డీయును కట్టలేనివాడు తుదకు తాతల నాటి పొలమును అమ్ముకొనును. ఒక దినపు ఆడంబరమునకు ఒక తరము వారి జీవనాధారము పోవును.

అప్పు పెరిగినట్లే పొదుపును పెరుగును. దీనికి నెల్లూరు జిల్లా స్త్రీలు చక్కని నిదర్శనము. ఆ జిల్లాలోని దూబగుంట గ్రామ స్త్రీలు రాత్రిబడులలో అక్షరములు నేర్చి, తమ భర్తల కూలి యంతయు సారాదుకాణమునకు పోవుచున్నదని గ్రహించి, ఆ దుకాణమును ఎదిరించిరి. 1992వ సంవత్సరమున ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీ నుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. ఆ పిమ్మట ఆ జిల్లా స్త్రీలు సంఘములుగా నేర్పడి దినమునకు ఒక్క రూపాయి చొప్పున పొదుపు చేయనారంభించిరి. దినమునకు రూపాయి యన్నచో ఒకరికి ఏడాదికి 365 రూపాయలు. పదిమందికి 3,650 రూపాయలు. ఒకరివలన కాని పని పదుగురి రూపాయలవలన నయ్యెను. అక్కఱ వచ్చిన సభ్యురాలు వడ్డీవ్యాపారి గడప త్రొక్కక తమ సంఘము నుండియే అప్పు పొందగలిగెను. క్రమముగా బ్యాంకులును ఇట్టి సంఘములను నమ్మి ఋణములిచ్చినవి. దాచిన రూపాయికంటె, దాచుట వలన కలిగిన నమ్మకము గొప్పది.

మితవ్యయము పేదలకు మాత్రమే తగిన గుణమనుట పొరపాటు. సంపన్న కుటుంబమున జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటు సభ్యుడై యుండియు సైకిలుపై సభకు వెళ్ళెడివాడు. నాటి గుంటూరు జిల్లా సత్తెనపల్లికి చెందిన వావిలాల గోపాలకృష్ణయ్య నాలుగు పర్యాయములు శాసనసభకు ఎన్నికయ్యెను. 1992లో పద్మభూషణ పురస్కారము నందెను. అయినను ఖద్దరు ధరించి తుదివరకు నిరాడంబరముగా జీవించెను. కోరికలు కొలదిగా నున్నవానిని ఆశచూపి లొంగదీయుట ఎవరికిని సాధ్యము కాదు. అందువలననే ఇట్టివారు తాము నమ్మిన మాటను నిర్భయముగా చెప్పగలిగిరి.

పొదుపు డబ్బునకే పరిమితము కాదు. పాతకాలపు 60 వాట్ల బల్బు వేయి గంటలు వెలిగినచో 60 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. ఇంచుమించు అంత వెలుగునే యిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు 9 యూనిట్లు చాలును. మిగిలిన 51 యూనిట్లకు వలయు బొగ్గును, నీటిని మిగుల్చుకొన్నట్లే. ఒక యింట మిగిలినది మఱియొక యింటికి వెలుగగును.

ఈ అలవాటు బాల్యముననే అలవడవలెను. నోటుపుస్తకములో మిగిలిన తెల్లకాగితములను కుట్టి చిత్తుపుస్తకముగా వాడుకొనుట, విస్తరిలో వడ్డించుకొన్నది విడువక తినుట, చేతికి వచ్చిన పైకమునకు లెక్క వ్రాసికొనుట – ఇవి చిన్నపనులే. కాని చినుకులు కలిసియే చెఱువు నిండును. అప్పులేని యింటివాడు ఎవరి యెదుటను తలవంచనక్కఱ లేదు. రాత్రి కంటినిండ నిద్రించును; ఆపదలో నున్న పొరుగువానికి చేయూత నీయగలుగును. మితవ్యయమువలన కలుగు మేలులలో ఇదియే మిన్న.