గుహలో రాయి చెప్పే వాన లెక్క

అపోహ: పూర్వం మృగశిర రాగానే వానలు తప్పకుండా పడేవి.
హైదరాబాద్‌లో మధురానగర్ మెట్రో స్టేషన్ కింద వాన తగ్గేదాకా నిలబడితే ఈ మాట వినిపించకపోదు. దేశమంతటికీ కలిపి చెప్పగల వాన లెక్కలు 1871 నుంచే ఉన్నాయి. అంతకు ముందు సంగతి సున్నపురాతి గుహలను అడగాలి. పైకప్పు నుంచి కారే చుక్కల్లోని సున్నం పేరుకుని, నేల మీద స్టాలగ్మైట్ పొరలు పొరలుగా లేస్తుంది. బస్తర్‌లోని దండక్ గుహలో దొరికిన అలాంటి రాతిలో క్రీ.శ. 600 నుంచి 1500 వరకు రుతుపవనాల జాడ ఉంది. 14వ శతాబ్దంలో వానలు బలహీనపడిన కాలాలు ఏళ్ల తరబడి సాగాయి. దక్కన్‌ను పీడించిన దుర్గాదేవి కరువు మొదలైంది ఆ శతాబ్దం చివర్లోనే, 1396లో. తప్పకుండా పడిన వానలు ఏ కాలానివో మరి!

అపోహ: రాయి ఎంత లావుగా పెరిగితే అన్ని వానలు.
లావు మోసం చేస్తుంది. చుక్క పడే వేగం, పైనున్న మట్టి, గుహలోని గాలి, అన్నీ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. శాస్త్రవేత్తలు చూసేది వాననీటి నుంచి రాతిలో చేరిన ఆక్సిజన్‌ను. అందులో బరువైన రకం, తేలికైన రకం ఉన్నాయి. మేఘం కురిసేటప్పుడు బరువైనది ముందుగా రాలిపోతుంది. అందుకే రుతుపవనం బలంగా ఉన్న కాలపు పొరల్లో సాధారణంగా బరువైన ఆక్సిజన్ తక్కువ. దీన్నిబట్టి వాన పెరిగిందా, తగ్గిందా అని చెప్పవచ్చు; ఎన్ని సెంటీమీటర్లో చెప్పడం కష్టం.

అపోహ: వయసు తేల్చేది కార్బన్ పరీక్షే.
సున్నపురాతిలోని పాత కార్బన్ చుక్కలో కలిసి లెక్క తప్పిస్తుంది. అందుకే యురేనియాన్ని నమ్ముతారు: అది నీటిలో కరిగి పొరలో చేరుతుంది, థోరియం దాదాపు కరగదు. కాబట్టి పొరలో కనిపించే థోరియంలో ఎక్కువ భాగం అక్కడే యురేనియం నుంచి పుట్టినది. దాన్ని కొలిస్తే వయసు తెలుస్తుంది.

అపోహ: ఇలాంటి పరిశోధనలకు మేఘాలయే గతి.
మధురానగర్‌లో నాగోలు రైలెక్కితే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) పేరిట ఉన్న స్టేషన్ వస్తుంది. హైదరాబాద్ గ్రానైట్‌లో ఈ రాళ్లు దొరకవు గానీ, ఆ సంస్థ శాస్త్రవేత్తలు కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహ స్టాలగ్మైట్‌ను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 15,700 నుంచి 14,700 ఏళ్ల కిందటి రుతుపవనాల ఒడుదొడుకులు అందులో ఉన్నాయి. అది మంచుయుగపు మంచు కరుగుతున్న కాలం.

అపోహ: పెద్ద వరదలన్నీ ఈ రాళ్లలో నమోదై ఉంటాయి.
1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది. ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగే రాతి నుంచి సన్నని డ్రిల్లుతో తీసే చిటికెడు పొడిలో కొన్నేళ్ల వానలు కలిసిపోతాయి. ఆ ఒక్క రోజు సంగతికి ఆ వరదపై ఇంజనీరు విశ్వేశ్వరయ్య ఇచ్చిన నివేదిక చూడాలి.